పాఠం 12: ఎన్ని ఊళ్ళు చూడాలి? – గ్రీసులో ఒక వారం యాత్రకు ప్రణాళిక

12.1 పరిచయం

మీరు ఎప్పుడైనా దూర ప్రాంతానికి యాత్ర వెళ్ళి వచ్చి, "అన్నీ చూశాం, కానీ ఏదీ సరిగ్గా చూడలేదు" అనుకున్నారా? చాలామందికి ఈ అనుభవం ఉంటుంది. డబ్బు ఖర్చవుతుంది, సెలవులు అయిపోతాయి, ఒళ్ళు అలిసిపోతుంది. గుర్తుండేది మాత్రం బస్సు ప్రయాణమే. ఇందులో ఆ ఊళ్ళ తప్పేమీ లేదు. లోపం మన ప్రణాళికలో ఉంది.

ప్రణాళిక అంటే చూడవలసిన ప్రదేశాల జాబితా అని మనం అనుకుంటాం. అది సరికాదు. మనకున్న రోజులు, డబ్బు, శక్తి, ఈ మూడింటికీ సరిపడేలా కొన్ని ప్రదేశాలను ఎంచుకుని, మిగిలినవాటిని తెలిసి వదులుకోవడమే ప్రణాళిక.

ఈ పాఠంలో గ్రీసు దేశంలోని పెలొపొనీస్ అనే ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుందాం. మీరు ఆ దేశం వెళ్ళవచ్చు, వెళ్ళకపోవచ్చు. కానీ ఇక్కడ నేర్చుకున్న పద్ధతి హంపికో, అరకుకో, కాశీకో బయలుదేరినప్పుడు కూడా మీకు పనికివస్తుంది.

12.2 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:

• పెలొపొనీస్ ఎక్కడ ఉందో, దాని ప్రాముఖ్యం ఏమిటో చెప్పగలుగుతారు.
• పటంలో కనిపించే దూరానికీ, ప్రయాణానికి పట్టే కాలానికీ తేడా వివరించగలుగుతారు.
• యాత్రకు తగిన కాలాన్ని, మకాం ఊరిని ఎంచుకోగలుగుతారు.
• వీసాకు, ఖర్చుకు సంబంధించిన ముఖ్య విషయాలు వరుసగా రాసుకోగలుగుతారు.

12.3 ప్రాంతాన్ని తెలుసుకుందాం

గ్రీసు పటం తీసి చూడండి. ఆ దేశానికి దక్షిణాన, చేతివేళ్ళు చాపినట్లు సముద్రంలోకి చొచ్చుకుని వచ్చిన పెద్ద భూభాగం కనిపిస్తుంది. అదే పెలొపొనీస్ ద్వీపకల్పం. దీని వైశాల్యం సుమారు 21,500 చదరపు కిలోమీటర్లు. దీనిని మిగతా గ్రీసుతో కలిపేది కొరింథు భూసంధి. ఇక్కడ భూమి వెడల్పు సుమారు 6 కిలోమీటర్లు మాత్రమే. ఈ సన్నని భూమిని తొలిచి కొరింథు కాలువ తవ్వారు. అది 1893లో ప్రారంభమయింది. బైబిలులోని కొరింథీయుల పత్రికల గురించి మీరు విని ఉండవచ్చు. అవి ఈ కొరింథు ప్రజలకు రాసినవే. పడమటి వైపున రియో, ఆంటిరియో పట్టణాల మధ్య సముద్రం మీద కట్టిన వంతెన 2004లో ప్రారంభమయింది.

ఈ ప్రాంతంలోని ముఖ్య ప్రదేశాలు ఇవి:

మైసీనీ: క్రీస్తు పూర్వం 1250 ప్రాంతంలో కట్టిన సింహద్వారం ఇక్కడ ఇప్పటికీ నిలిచి ఉంది. 1876లో హైన్రిక్ ష్లీమన్ ఇక్కడి సమాధులను తవ్వించినప్పుడు బంగారు ముఖకవచాలు బయటపడ్డాయి.

ఎపిడారస్: వైద్యదేవత అస్క్లీపియస్ క్షేత్రం. పూర్వం రోగులు స్వస్థత కోసం ఇక్కడికి వచ్చేవారు. క్రీస్తు పూర్వం 4వ శతాబ్దపు రాతి నాటకశాల ఇక్కడ ఉంది. అందులో 55 వరుసల మెట్లు ఉన్నాయి.

ఒలింపియా: ప్రాచీన ఒలింపిక్ క్రీడలు జరిగిన స్థలం. క్రీస్తు పూర్వం 776 నుంచి వీటిని లెక్కిస్తారు. ఆధునిక క్రీడల జ్యోతిని ఇప్పటికీ ఇక్కడే వెలిగిస్తారు.

మిస్త్రాస్: స్పార్టా పట్టణం దగ్గర కొండవాలు మీద ఉన్న మధ్యయుగపు నగరం. ఇక్కడ పాలించిన కాన్‌స్టంటైన్, 1449లో బైజాంటియం సామ్రాజ్యానికి చక్రవర్తి అయ్యాడు. అతడే ఆ సామ్రాజ్యపు చివరి చక్రవర్తి.

మోనెంవాసియా: సముద్రంలో నిలబడిన పెద్ద బండ మీది కోట ఊరు. ఆ పేరుకు 'ఒకే ప్రవేశం' అని అర్థం.

నాఫ్‌ప్లియో: సముద్రపు ఒడ్డున ఉన్న అందమైన పాత పట్టణం. 1834లో రాజధాని ఏథెన్స్‌కు మారకముందు ఆధునిక గ్రీసుకు ఇదే రాజధాని. దేశ తొలి పాలకుడు యోవానిస్ కపోదిస్త్రియాస్ 1831లో ఈ ఊరి చర్చి దగ్గరే హత్యకు గురయ్యాడు.

ఈ జాబితా చదవగానే మీకేమనిపించింది? అన్నీ చూడాలనిపించింది కదా! పొరపాటు ఇక్కడే మొదలవుతుంది.

12.4 ఒక ఉదాహరణ: తల్లి, కూతురు

ఒక సన్నివేశం ఊహించుకుందాం. రాజమండ్రిలో ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక తల్లి ఉన్నారు. ఆమె కూతురు జర్మనీలో చదువుకుంటోంది. తల్లి మూడు వారాలు కూతురి దగ్గర ఉండడానికి వెళుతున్నారు. అందులో ఒక వారం ఇద్దరూ గ్రీసు వెళ్ళాలనుకున్నారు. తల్లికి మోకాళ్ళ నొప్పి. కూతురికి కారు నడపడం రాదు. ఖర్చు తల్లి దాచుకున్న డబ్బులోనిది. ఇలాంటి ప్రయాణం వారికి మళ్ళీ వీలవుతుందో లేదో తెలియదు.

అందుకే కూతురు ఎంతో శ్రద్ధగా ఈ విధంగా ప్రణాళిక రాసింది.

మొదటి రోజు: ఏథెన్స్‌లో దిగడం, కొరింథు, రాత్రి నాఫ్‌ప్లియో.
రెండవ రోజు: మైసీనీ, ఎపిడారస్.
మూడవ రోజు: మోనెంవాసియా.
నాలుగవ రోజు: స్పార్టా, మిస్త్రాస్.
ఐదవ రోజు: కలమాటా, పైలోస్.
ఆరవ రోజు: ఒలింపియా.
ఏడవ రోజు: ఏథెన్స్, తిరుగు ప్రయాణం.

ఇందులో తప్పేమిటో మీరు చెప్పగలరా? కాగితం మీద ఏ తప్పూ లేదు. పటంలో ఊళ్ళన్నీ పక్కపక్కనే ఉన్నాయి. కానీ మూడు విషయాలు ఇందులో మరిచిపోయారు.

మొదటిది: పటంలో దూరం వేరు, ప్రయాణ కాలం వేరు. పెలొపొనీస్ మధ్యభాగమంతా కొండలే. టేగెటస్ పర్వతం ఎత్తు 2,400 మీటర్లకు పైనే. నాఫ్‌ప్లియో నుంచి ఒలింపియాకు దాదాపు 190 కిలోమీటర్లు. కారులో అయితేనే మూడు గంటల దాకా పడుతుంది.

రెండవది: వాహనం. ఈ ప్రాంతంలోని మీటర్‌గేజి రైళ్ళు చాలా మార్గాల్లో 2011లో ఆగిపోయాయి. అందువల్ల కారు లేనివారికి బస్సే ఆధారం. అక్కడ 'క్తెల్' అనే పేరుతో జిల్లాకొక బస్సు సంస్థ ఉంటుంది. ఏథెన్స్ నుంచి జిల్లా కేంద్రానికి బస్సులు బాగానే ఉంటాయి. కానీ ఒక జిల్లా నుంచి మరొక జిల్లాకు నేరుగా బస్సు దొరకడం కష్టం. ట్రిపోలి వంటి ఊళ్ళో దిగి, మరో బస్సు కోసం వేచి ఉండాలి. ఆదివారాల్లో బస్సులు ఇంకా తక్కువ.

మూడవది: ప్రతి రాత్రీ కొత్త ఊరు. ఊరు మారిన ప్రతిసారీ సామాను సర్దాలి, మోయాలి, కొత్త గది వెతకాలి. దీనికి తేలికగా సగం పూట పోతుంది. నాలుగుసార్లు మారితే రెండు రోజులు పోయినట్లే.

పాఠ్యగత ప్రశ్నలు 12.1

1. పెలొపొనీస్‌ను మిగతా గ్రీసుతో కలిపే భూభాగం పేరేమిటి?
2. కారు లేని యాత్రికుడు ఒక జిల్లా నుంచి మరో జిల్లాకు వెళ్ళడం ఎందుకు కష్టం?
3. నాలుగుసార్లు మకాం మారిస్తే సుమారు ఎంత కాలం నష్టపోతాం?

12.5 మొదట అడగవలసిన ప్రశ్న

కూతురు తన ప్రణాళికను ఫోనులో తల్లికి చదివి వినిపించింది. తల్లి అంతా విని ఇలా అన్నారు:

"బాగుందమ్మా. ఇందులో ఆ నాటకశాల దగ్గర మనం ఎంతసేపుంటాం?"

"గంట అమ్మా. తరువాత బస్సు ఉంది."

"గంటేనా? బళ్ళో పిల్లల చేత ఏటేటా నాటకాలు వేయించిన దాన్ని. నాకు ఆ నాటకశాల ఒక్కటి తీరిగ్గా చూపించు, చాలు. మిగతావి నీ ఇష్టం."

కూతురు వారం రోజులు కష్టపడి ప్రణాళిక వేసింది. కానీ ఎవరి కోసం వేసిందో వారిని ఆ ఒక్క ప్రశ్నా అడగలేదు. కాబట్టి గుర్తుంచుకోండి: పటం తెరవడానికి ముందే, వెంట వచ్చే ప్రతి ఒక్కరినీ "నువ్వు తప్పకుండా చూడాలనుకునేది ఏది?" అని అడగాలి. ఒక్కొక్కరికి ఒక్కటి. ఆ ఒక్కదానికి కావలసినంత సమయం ముందుగా కేటాయించి, మిగిలిన రోజులను ఆ తరువాత నింపుకోవాలి.

కూతురు కోరిక మైసీనీ బంగారం చూడడం. ఇక్కడొక విషయం గమనించాలి. ఆ తవ్వకాల్లో దొరికిన ప్రసిద్ధమైన బంగారు ముఖకవచం మైసీనీలో లేదు. అది ఏథెన్స్‌లోని జాతీయ పురావస్తు ప్రదర్శనశాలలో ఉంది. కోట ఒకచోట, కోటలో దొరికిన వస్తువు మరొకచోట ఉండడం మామూలే. ఈ సంగతి ముందే తెలుసుకోకపోతే, అంత దూరం వెళ్ళి నిరాశ పడవలసి వస్తుంది.

12.6 కాలాన్ని ఎంచుకోవడం

ఏ ప్రాంతానికైనా ఒక మంచి కాలం ఉంటుంది. గ్రీసులో జూలై, ఆగస్టు నెలల్లో ఎండ తీవ్రం. 2023 జూలైలో వడగాలుల కారణంగా ఏథెన్స్‌లోని ఆక్రోపోలిస్‌ను మధ్యాహ్నం వేళ మూసివేశారు. శిథిలాల దగ్గర చెట్ల నీడ తక్కువ. పైగా ఆగస్టు 15 పండుగ ముందూ వెనుకా గ్రీకులు కూడా యాత్రలకు బయలుదేరుతారు. గదులు దొరకవు, అద్దె పెరుగుతుంది.

చలికాలంలో వానలు పడతాయి. చాలా ప్రదేశాలను మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకే మూసివేస్తారు. అందువల్ల ఏప్రిల్, మే నెలలు గానీ, సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు వరకు గానీ అనువైన కాలం.

అయితే ప్రతి ఎంపికలోనూ ఒక లాభం, ఒక నష్టం ఉంటాయి. ఎపిడారస్ నాటకశాలలో 1955 నుంచి వేసవిలో నాటకోత్సవం జరుగుతోంది. ప్రాచీన నాటకాలను రాత్రిపూట అదే రాతి వేదిక మీద ప్రదర్శిస్తారు. అక్టోబరులో వెళితే ఆ నాటకం చూడలేం. జూలైలో వెళితే నాటకం చూడవచ్చు గానీ మిగిలిన పగళ్ళన్నీ ఎండలో గడపాలి. తల్లి ఆరోగ్యం దృష్ట్యా వారు అక్టోబరునే ఎంచుకున్నారు. నాటకం లేకపోయినా నాటకశాల ఉంటుంది. అక్కడ గుసగుస కూడా పై వరుసకు వినబడుతుందని చెబుతారు. 2017లో జరిపిన కొలతల్లో అది పూర్తిగా నిజం కాదని తేలింది. గొంతెత్తి స్పష్టంగా పలికిన మాట మాత్రం చివరి వరుస దాకా అర్థమవుతుంది. అంటే బడిలో నాటకాలు నేర్పిన గొంతుకు ఆ స్థలం తగినదే.

సెలవు దినాలు కూడా చూసుకోవాలి. జనవరి 1, మార్చి 25, మే 1, డిసెంబరు 25, 26 తేదీల్లోనూ, వారి ఈస్టర్ ఆదివారం నాడూ పురావస్తు ప్రదేశాలు మూసి ఉంటాయి. గ్రీకుల ఈస్టర్ చాలా సంవత్సరాల్లో మన క్యాలెండరులో వేసే ఈస్టర్ కంటే వేరే ఆదివారం వస్తుంది.

12.7 ఒకే మకాం

ఇప్పుడు కొత్త ప్రణాళిక చూడండి. నాఫ్‌ప్లియోను మకాంగా ఎంచుకున్నారు. ఎందుకంటే ఏథెన్స్ నుంచి ఇది సుమారు 140 కిలోమీటర్లు, నేరుగా బస్సు ఉంది. ఇక్కడి నుంచి మైసీనీ 25 కిలోమీటర్ల లోపు, ఎపిడారస్ 30 కిలోమీటర్ల లోపు. ఉదయం వెళ్ళి సాయంత్రానికి అదే గదికి తిరిగి రావచ్చు.

మొదటి రోజు: ఏథెన్స్‌లో దిగి, బస్సులో నాఫ్‌ప్లియో. విమానాశ్రయం నగరానికి తూర్పున, పెలొపొనీస్ బస్సుల స్టేషన్ పడమర వైపున ఉన్నాయి. నగరం దాటే సమయం కూడా లెక్కలో వేయాలి. విమానం సాయంత్రం దిగితే ఆ రాత్రి ఏథెన్స్‌లోనే ఉండడం మంచిది.

రెండవ రోజు: ఊరిలోనే విశ్రాంతి, సముద్రపు ఒడ్డున నడక. కొండ మీది పలమీది కోటకు 999 మెట్లని చెప్పుకుంటారు. నిజానికి అంతకంటే తక్కువే. అయినా మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి తగినవి కావు. కోట వెనుక వైపు రోడ్డు ఉంది, టాక్సీలో వెళ్ళవచ్చు.

మూడవ రోజు: ఉదయాన్నే ఎపిడారస్. పూర్తి రోజు దీనికే.

నాలుగవ రోజు: ఏమీ లేదు. వాన పడినా, ఒంట్లో బాగులేకపోయినా, బస్సు తప్పినా ఈ రోజు ఆదుకుంటుంది. అన్నీ సవ్యంగా ఉంటే ఊరికి దగ్గరలోని టిరిన్స్ కోట చూడవచ్చు.

ఐదవ రోజు: మైసీనీ. కొన్ని బస్సులు ఫిఖ్తి అనే ఊరి దగ్గరే దించుతాయి. అక్కడి నుంచి కోటకు ఇంకా మూడు నాలుగు కిలోమీటర్లు ఉంటుంది. కాబట్టి బస్సు కోట దాకా వెళుతుందా అని ఎక్కే ముందే అడగాలి.

ఆరవ రోజు: ఏథెన్స్, జాతీయ ప్రదర్శనశాలలో మైసీనీ బంగారం.

ఏడవ రోజు: తిరుగు ప్రయాణం.

ఇందులో ఒలింపియా లేదు, మిస్త్రాస్ లేదు, మోనెంవాసియా లేదు. కూతురికి బాధ కలిగింది. అది సహజం. కానీ వదిలిన వాటిని మరిచిపోనక్కరలేదు. "మరొకసారి" అని శీర్షిక పెట్టి ప్రణాళిక చివర రాసుకోవాలి. అప్పుడు వదులుకున్నామన్న దిగులు తగ్గుతుంది.

ఒక చిన్న సూత్రం: బస్సు వేళలు రాసుకునేటప్పుడు ముందుగా తిరిగి వచ్చే చివరి బస్సు వేళ రాయండి. వెళ్ళే బస్సు వేళ ఆ తరువాత రాయండి. వెళ్ళడం ఎప్పుడూ సులభమే. చీకటి పడ్డాక తెలియని ఊళ్ళో నిలబడిపోవడమే కష్టం.

పాఠ్యగత ప్రశ్నలు 12.2

1. నాఫ్‌ప్లియోను మకాంగా ఎంచుకోవడానికి రెండు కారణాలు రాయండి.
2. ప్రణాళికలో ఒక ఖాళీ రోజు ఎందుకు ఉండాలి?

12.8 కాగితాలు, డబ్బు

వీసా: గ్రీసు షెంగెన్ దేశాలలో ఒకటి. ఈ దేశాలన్నిటికీ కలిపి ఒకే స్వల్పకాలిక వీసా ఇస్తారు. దాని మీద ఏ 180 రోజులలోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. మన ఉదాహరణలో తల్లి రెండు వారాలు జర్మనీలో, ఒక వారం గ్రీసులో ఉంటారు. కాబట్టి ఆమె జర్మనీకి దరఖాస్తు చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. 2024 జూన్ నుంచి పెద్దలకు వీసా రుసుము 90 యూరోలు. వైద్య ఖర్చులకు కనీసం 30,000 యూరోల బీమా ఉండాలి. తిరిగి వచ్చే తేదీ తరువాత కూడా పాస్‌పోర్టుకు మూడు నెలల గడువు మిగిలి ఉండాలి.

వీసా చేతికి రాకముందే, రద్దు చేస్తే డబ్బు వాపసు రాని టికెట్లు, గదులు కొనకండి. వీసా నిరాకరిస్తే ఆ డబ్బంతా పోతుంది.

డబ్బు: ఖర్చును రెండు భాగాలుగా రాయండి. ఒకటి, ఒకసారి అయ్యే ఖర్చు: విమానం, వీసా, బీమా. రెండు, రోజువారీ ఖర్చు: గది, భోజనం, బస్సు, ప్రవేశ రుసుము. లెక్క నేర్చుకోవడం కోసం ఇద్దరికీ రోజుకు 120 యూరోలు అనుకుందాం. ఆరు రోజులకు 720 యూరోలు. దీనికి పదవ వంతు, అంటే 72 యూరోలు, అనుకోని ఖర్చుకు కలపాలి. మొత్తం 792 యూరోలు. దీనికి ఒకసారి అయ్యే ఖర్చు చేర్చండి. వచ్చిన మొత్తం మీ శక్తికి మించితే రోజులు తగ్గించండి. అప్పు చేయకండి.

మందులు: రోజూ వాడే మందులను వైద్యుని చీటీతో సహా చేతి సంచిలోనే ఉంచుకోవాలి. గ్రీసులో అత్యవసర సహాయానికి ఫోను నంబరు 112.

12.9 అక్కడి మాట, భోజనం

గ్రీకు భాషలో 'నే' అంటే అవును, 'ఓహి' అంటే కాదు. 'నే' అనే మాట మన చెవికి 'లేదు' అన్నట్లు వినిపించే ప్రమాదం ఉంది. బస్సు ఎక్కేటప్పుడు ఊరి పేరు చెప్పి అడిగితే కండక్టరు 'నే' అన్నాడని దిగిపోకండి! తలను పైకి ఎగరవేస్తే మాత్రం 'కాదు' అని అర్థం.

శాకాహారులు 'నిస్తీసిమో' అనే మాట నేర్చుకోవాలి. అంటే ఉపవాస దినాల భోజనం. అందులో మాంసం, పాలు, గుడ్లు ఉండవు. అయితే ఆల్చిప్పలు, ఆక్టోపస్ వంటివి ఉపవాసంలో తినవచ్చని వారి ఆచారం. కాబట్టి అవి లేవా అని కూడా అడగాలి. చిక్కుళ్ళ పులుసు 'ఫసోలాద', బియ్యం కూరిన టమాటాలు 'యెమిస్త' మనవారికి నచ్చుతాయి. యెమిస్తలో ఒక్కొక్కసారి మాంసం కూడా కూరుతారు కనుక అడిగి తీసుకోండి.

12.10 సారాంశం

• ప్రణాళిక అంటే ఎంచుకోవడం. ఎంచుకోవడం అంటే కొన్నిటిని వదులుకోవడం.
• వెంట వచ్చే ప్రతి ఒక్కరి ముఖ్యమైన కోరికను ముందుగా అడగాలి.
• కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కించాలి.
• ఒకే మకాం, ఒక ఖాళీ రోజు, తిరుగు బస్సు వేళ – ఈ మూడూ మరవకూడదు.
• వీసా వచ్చాకే వాపసు లేని ఖర్చు చేయాలి.

12.11 పాఠాంత ప్రశ్నలు

1. కూతురు వేసిన మొదటి ప్రణాళికలోని మూడు లోపాలను మీ సొంత మాటల్లో వివరించండి.
2. ఎపిడారస్‌కు జూలైలో వెళ్ళడం, అక్టోబరులో వెళ్ళడం – రెండింటి లాభనష్టాలు పోల్చండి.
3. రోజుకు 90 యూరోల చొప్పున ఐదు రోజుల ఖర్చును, అనుకోని ఖర్చుతో సహా లెక్కకట్టండి.
4. కృత్యం: మీ కుటుంబంతో మూడు రోజుల యాత్రకు ప్రణాళిక రాయండి. ముందుగా ఇంట్లో ప్రతి ఒక్కరినీ ఒక్కొక్క కోరిక అడగండి. ఏయే ప్రదేశాలు వదిలారో, ఎందుకు వదిలారో చివర రాయండి.

12.12 పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

12.1
1. కొరింథు భూసంధి.
2. జిల్లాకొక బస్సు సంస్థ ఉంటుంది. నేరుగా బస్సులు తక్కువ. మధ్యలో బస్సు మారాలి.
3. సుమారు రెండు రోజులు.

12.2
1. ఏథెన్స్ నుంచి నేరుగా బస్సు ఉండడం. మైసీనీ, ఎపిడారస్ దగ్గరలో ఉండడం.
2. వాన, అనారోగ్యం, బస్సు తప్పడం వంటివి జరిగినా ముఖ్యమైన ప్రదేశం తప్పిపోకుండా ఉండడానికి.